గుడ్డు పట్టుకున్న చెయ్యి

మా మేనకోడలు తినేది కుడిచేత్తో, రాసేది కుడిచేత్తో, పళ్లు తోముకునేది కుడిచేత్తో. కోపమొచ్చి ఎవరి మీదికైనా చెయ్యెత్తినా కుడిచెయ్యే లేస్తుంది. టెన్నిస్ మాత్రం ఎడమచేత్తో ఆడింది. కాలేజీ జట్టులో ఆడినన్నాళ్లూ, ఆ తర్వాత అదే వృత్తిగా ఊళ్లు పట్టుకు తిరిగినన్నాళ్లూ ఎడమచెయ్యే. తోటి ఆటగత్తెలు ఆమెకు 'పుర్రచెయ్యి' అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఆ చెయ్యి దేవుడిచ్చింది కాదు, మా అన్నయ్య పెట్టింది.

మా అన్నయ్య నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడు. సాయంత్రమైతే క్లబ్బులో టెన్నిస్. బాగానే ఆడేవాడు కానీ, ఏటా క్లబ్బు పోటీల ఫైనల్లో ఒక బ్యాంకు క్యాషియరు చేతిలో ఓడిపోయేవాడు. ఆ క్యాషియరుకు బొజ్జ ఉంది, కళ్లజోడు ఉంది, నాలుగడుగులు పరుగెడితే ఆయాసం ఉంది. వాటన్నిటితో పాటు ఎడమచేతి వాటం కూడా ఉంది. అతను సర్వీసు చేస్తే బంతి వంకర తిరిగి అన్నయ్య ఎడమవైపుకు, కోర్టు దాటి, కంచె దాకా పోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది నీ వరస అని నేను వెక్కిరించేదాన్ని. అన్నయ్య పట్టించుకోలేదు. టెన్నిస్ అనేది ఎడమచేతి వాళ్ల కోసం కనిపెట్టిన ఆట అని తీర్మానించుకుని, తన కూతుర్ని ఎడమచేతి ఆటగత్తెను చేస్తానని ప్రకటించాడు. కూతురు అప్పటికి ఇంకా పాకుతోంది.

మా వదిన పిల్ల చిన్నప్పుడే జబ్బు చేసి పోయింది. నేను బట్టలు కుట్టుకు బతికేదాన్ని. కుట్టుమిషను ఏ ఇంట్లో ఉన్నా ఒకలాగే తిరుగుతుంది కదా అని, దాన్ని అన్నయ్య ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను. ఆ మిషను చప్పుడు పక్కనే పిల్ల పెరిగింది.

అయిదేళ్లు రాగానే అన్నయ్య పిల్లను క్లబ్బు వెనకున్న గోడ ముందు నిలబెట్టాడు. ఎడమచేతిలో రాకెట్ పెట్టాడు. కుడిచెయ్యి మధ్యలో దూరకుండా దాంట్లో ఒక పచ్చి కోడిగుడ్డు పెట్టాడు. గుడ్డు పగలకుండా బంతిని గోడకు కొడుతూ ఉండాలి. పగిలితే తిట్టడు, కొట్టడు. "అయ్యో, పాపం గుడ్డు," అంటాడంతే. ఆ మాటకే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేవి. పిడికిలి బిగిస్తే పగులుతుంది, వదిలేస్తే జారిపోతుంది. అలా ఆ కుడిచెయ్యి ఏమీ చెయ్యకుండా ఉండటం నేర్చుకుంది. ఆ ఏడాది మా ఇంట్లో తిన్నన్ని ఆమ్లెట్లు ఏ హోటల్లోనూ తిని ఉండరు.

ఇదేం చోద్యమని నేను పోట్లాడితే అన్నయ్య దగ్గర సామెత సిద్ధంగా ఉండేది: మొక్కై వంగనిది మానై వంగునా. వంచు వంచు, విరిగిందాకా వంచు అనేదాన్ని. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఎంతకని వాదిస్తాం.

నిజం చెప్పుకోవాలి, పిల్ల గెలవడం మొదలుపెట్టింది. బడి పోటీలు గెలిచింది, జిల్లా పోటీలు గెలిచింది. ఆ ఎడమచేతి సర్వీసుకు జవాబు తెలియక పెద్ద పిల్లలు కూడా తెల్లమొహాలు వేసేవారు. అన్నయ్య కంచె బయట నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, నవ్వు దాచుకోలేక ఆకాశం వంక చూసేవాడు. నాకు మాత్రం ఒక సంగతి వింతగా ఉండేది. పిల్ల ఫోర్‌హ్యాండ్ మామూలుగా ఉండేది, రెండు చేతులతో కొట్టే బ్యాక్‌హ్యాండ్ పిడుగులా పడేది. చూసినవాళ్లంతా ఇదెలాగని అడిగేవారు. ఎలాగేముంది? ఆ ఒక్క షాట్‌లోనే కుడిచేతికి కూడా పని దొరికేది.

ఆట చూసే కాలేజీ వాళ్లు పిలిచి సీటిచ్చారు. కాలేజీ ఆట వేరు. పక్కపక్కనే ఉన్న కోర్టుల్లో జట్టు మొత్తం ఒకేసారి ఆడుతుంది. తన ఆట ముగిసిన పిల్ల వచ్చి పక్క కోర్టు కంచె పట్టుకుని గొంతు పోయేలా అరుస్తుంది. ఓడినా ఓటమిని తలా కాస్తా పంచుకోవడానికి మనుషులుంటారు. మొదటి ఏడు మా పిల్లను చివరి స్థానంలో ఆడించారు. చదువు పూర్తయ్యేసరికి జట్టులో మొదటి స్థానం ఆమెది. ఆ జట్టు కోచ్ మెడలోంచి ఈల తీసి ఎవరూ చూడలేదు. పిల్లలు ఆమెను ఈలమ్మ అనేవారు. ఆటనే వృత్తిగా పెట్టుకుంటానని మా పిల్ల చెబితే ఈలమ్మ సంతోషించలేదట. నీకు గెలవడం వచ్చు, కానీ ఆడుతుంటే నీ మొహంలో ఎప్పుడూ పరీక్ష రాస్తున్నట్టుంటుంది, కాస్త చూసుకో అన్నదట. ఆ మాట పిల్ల నాకు చెప్పింది గాని వాళ్ల నాన్నకు చెప్పలేదు.

తర్వాత మొదలైంది అసలు తిరుగుడు. అన్నయ్యకు ఆఫీసు వదలదు కాబట్టి తోడుగా నేను వెళ్లేదాన్ని. టీవీలో కనబడే టెన్నిస్ వేరు, మేము చూసిన టెన్నిస్ వేరు. రైలు దిగి బస్సెక్కి, బస్సు దిగి రాకెట్ల సంచి మోసుకుంటూ నడిస్తే ఊరి చివర కోర్టులు. రెండు మంచాల గది. ఉతికిన సాక్సులు ఫ్యాను కింద కుర్చీ వీపు మీద ఆరుతూ ఉండేవి. గెలిస్తే గది ఇంకొక రోజు మాది, ఓడితే పెట్టె సర్దుకోవడమే. అలా పెట్టె సర్దడంలో నా అంత నిపుణురాలు ఇంకొకరు లేరు.

ఆ ఊళ్లలో పిల్ల నాకొక విద్య నేర్పింది. పొద్దున్నే కోర్టుల పక్కన బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకునేది. "విను అత్తా," అనేది. బంతి రాకెట్ తీగల నడిమధ్యలో తగిలితే ఒక చప్పుడు, కాస్త పక్కకు తగిలితే ఇంకొకటి, అంచుకు తగిలితే రేకు మీద కొట్టినట్టు వేరొకటి. ఎవరు బాగా ఆడుతున్నారో చూడకుండానే చెప్పేది. చాలాసార్లు నిజమయ్యేది. నాకు ఆ చెవి పూర్తిగా రాలేదు గాని, రేకు చప్పుడు మాత్రం పట్టుకోగలిగేదాన్ని.

ఆమె జీవితంలో అన్నిటికన్నా పెద్ద మ్యాచ్‌కి అన్నయ్య సెలవు పెట్టి వచ్చాడు. అర్హత పోటీలన్నీ దాటుకుని ఒక పెద్ద టోర్నమెంటు అసలు జాబితాలోకి వచ్చింది మా పిల్ల. ఎదుట పేరున్న ఆటగత్తె. మొదటి సెట్టు మా పిల్లే గెలిచింది. మూడో సెట్టులో, ఆట ఎటైనా పోయేలా ఉన్నప్పుడు, ఒక బంతి ఆమె కుడివైపుకు చాలా దూరంగా వచ్చింది. రెండు చేతులతో అందదు. నేను చూస్తూ ఉండగానే రాకెట్ ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మారిపోయింది, బంతి గీత వెంట వెళ్లి మూలన పడింది. అవతలి పిల్ల కదలనైనా లేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అరచేతులు మండాయి. కంచె దగ్గర అన్నయ్య మాత్రం ఎవరో జేబు కొట్టేసినట్టు నిలబడ్డాడు.

ఆ పాయింటు గెలిచింది, మ్యాచ్ ఓడింది. బయటికి వస్తూనే ఆమె వాళ్ల నాన్నతో అన్న మొదటి మాట, "పొరపాటున మారింది నాన్నా, ఇంకెప్పుడూ మారదు." అంత పెద్ద పిల్ల, అంత మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టిన షాట్‌కి తండ్రికి క్షమాపణ చెప్పుకుంది. ఆ రోజు నాకు మా అన్నయ్య మీద వచ్చిన కోపం చాలాకాలం పోలేదు.

ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఆడింది. మధ్యమధ్య గెలుపులు, ఎక్కువగా పెట్టె సర్దడాలు. ఒక పొద్దున సాధన చేస్తుండగా ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి తల మీదికి లేవలేదు. ఆపరేషను అయింది, నెలల తరబడి వ్యాయామాలు చేయించారు. ఆ వ్యాయామాలు చేయించే ఫిజియో ఒకరోజు సరదాకి ఒక మెత్తటి బంతి ఇచ్చి గది అవతలి బుట్టలో వెయ్యమన్నాడు. ఈమె కుడిచేత్తో విసిరింది. బంతి వెళ్లి బుట్టలో పడింది. ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ పడ్డాయి. "మీరు కుడిచేతి వాటం కదా? మరి ఎడమచేత్తో ఎందుకు ఆడారు?" అని అడిగాడు ఆ ఫిజియో. అంత కాలంలో ఆ ప్రశ్న బయటివాళ్లెవరూ అడగలేదు.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వాళ్ల నాన్న ముందు నిలబడింది.

"నాన్నా, నేను కుడిచేత్తో ఆడి ఉంటే ఎలా ఆడేదాన్ని?"

"ఇంత దూరం వచ్చేదానివి కాదమ్మా."

"అది నీకెలా తెలుసు?"

అన్నయ్య దగ్గర ఆ రోజు సామెతలేవీ లేవు. భుజం అందువల్లే పోయిందని ఎవరూ అనలేదు, ఎవరూ అనలేరు కూడా. కుడిచేతి వాళ్ల భుజాలూ పోతాయి. కానీ తను అసలు ఎలాంటి ఆటగత్తె అయి ఉండేదో ఇక ఎప్పటికీ తెలియదన్న సంగతి ఆ పిల్ల గుండెలో ముల్లులా దిగబడింది. ఏడాది పాటు తండ్రితో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఆట మానేసింది. ఒక మందుల షాపు యజమానిని పెళ్లి చేసుకుంది. మంచివాడు, టెన్నిస్ గురించి అక్షరం ముక్క తెలియదు, అదే అతని మొదటి అర్హత అని నేను అనేదాన్ని. ఈలమ్మ రిటైరవుతూ తన ఈల తెచ్చి మా పిల్ల మెడలో వేసింది. అలా ఆ కాలేజీ జట్టుకే మా పిల్ల కోచ్ అయింది. పాఠం చెబుతుంటే మాత్రం ఆమె మొహంలో పరీక్ష కనబడదు.

పెళ్లయ్యాక కూడా వాళ్లు మాతో అన్నయ్య ఇంట్లోనే ఉన్నారు. ఆమెకొక కూతురు పుట్టింది. నడక రాకముందే మంచం మీంచి దూకిన పిల్ల. ఇంట్లో అందరం పిడుగు అంటాం. వరసకు నేను అమ్మమ్మను.

పిడుగు పుట్టిన రోజునే తల్లి వాళ్ల నాన్నను పక్కకు పిలిచి గట్టిగా చెప్పేసింది. "దీని చేతిలో నువ్వు రాకెట్ పెట్టకూడదు, బంతి పెట్టకూడదు, గుడ్డు పెట్టకూడదు." అన్నయ్య తలూపాడు. అయినా ఆమెకు నమ్మకం లేదు. పిల్ల ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే చెంచా వంక కాదు, తండ్రి వంక చూసేది. మెల్లగా చెంచా కుడిచేతిలోకి మార్చేది. "ఈ చెయ్యి, తల్లీ." పెన్సిలైనా అంతే, కుంచె అయినా అంతే. వీధిలో నడిచేటప్పుడు పిల్ల ఎడమచెయ్యి తనే పట్టుకునేది. ముసలాయన చాటుగా నేర్పిస్తున్నాడని నాకూ అనుమానమే. ఒకసారి కాలిన వాళ్లం కదా, మంచినీళ్లు కూడా ఊదుకు తాగుతున్నాం.

పిడుగుకు ఆరో ఏడు వచ్చాక తల్లి స్వయంగా ఆట నేర్పడం మొదలుపెట్టింది. సెలవు రోజు పొద్దున మేమంతా కాలేజీకి వెళ్లేవాళ్లం. అక్కడ కోర్టుల పక్కన సాధన గోడ ఒకటి ఉంది, ఆకుపచ్చ రంగు వేసి నెట్ ఎత్తులో తెల్లగీత గీశారు. పిడుగుకు ఆ గోడంటే ప్రాణం. పొద్దున నేను కాఫీ కలపకముందే బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చునేది. కానీ ఆట రాలేదు. బంతి ఎక్కడ పడుతుందో ముందే కనిపెట్టి అక్కడికి చేరుకునేది, తీరా కొట్టే వేళకు రాకెట్ అంచుకు తగిలి బంతి ఎటో పోయేది. పొద్దు గూకేదాకా విన్నా రేకు చప్పుడే. రానురాను ఆట రోజున కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. తోటి పిల్లలు ఆడుకుంటుంటే, నాకు చేతులు సరిగ్గా లేవు అని చెప్పి పక్కన కూర్చుంటుందని బడి టీచరు చెప్పింది.

"దీనికి ఆట లేదత్తా," అంది మా మేనకోడలు ఒకరోజు, నా మిషను పక్కన కూర్చుని. "కాళ్లున్నాయి, కళ్లున్నాయి, చెయ్యే లేదు. ఈ వారం చూసి మాన్పించేస్తాను. రాని దాన్ని రుద్ది దాని ప్రాణం తియ్యను." కూతురు టెన్నిస్ ఆడకపోతే కొంపలేం మునగవు. కానీ ఆరేళ్ల పిల్ల తన చేతులు మంచివి కావని నమ్ముతోంది.

మర్నాడు మధ్యాహ్నం నేను గదిలోకి వచ్చేసరికి పిడుగు నేల మీద కూర్చుని నా కత్తెరతో గుడ్డ కోస్తోంది. నేను కుట్టిచ్చిన ఎలుగుబంటి బొమ్మకు టోపీ చెయ్యాలట. నా కత్తెర కుడిచేతి కత్తెర. ఎడమచేత్తో పడితే రెండు అలుగులూ ఎడంగా పోయి గుడ్డ కొయ్యదు, మధ్యలో మడతపెట్టి నములుతుంది. పిడుగు చేతిలో గుడ్డ అలాగే నలుగుతోంది, పిల్ల పళ్లు బిగపట్టి ప్రయత్నిస్తోంది. కత్తెర ఎడమచేతిలో ఉంది. వసారాలో తల్లి చెప్పుల చప్పుడు వినబడింది. అంతే, పిల్ల కత్తెరను గబుక్కున కుడిచేతిలోకి మార్చుకుంది. దొంగ పని చేస్తూ దొరికిపోయినట్టు నా వంక చూసింది.

నా కోపం నషాళానికి అంటింది. తిన్నగా అన్నయ్య గదిలోకి వెళ్లి తలుపు మూశాను. ముసలితనంలో కూడా బుద్ధి రాలేదా, కూతుర్ని చేసింది చాలక మనవరాలి వెంట పడ్డావా అని దులిపేశాను. అన్నయ్య అంతా విన్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఒట్టు. నేనేం నేర్పలేదు," అన్నాడు. "దానికి పుట్టినప్పటి నుంచీ ఎడమచెయ్యే. గిలక్కాయ ఇస్తే ఎడమచేత్తోనే అందుకుంది. నువ్వు స్నానం చేయిస్తుంటే చెంబు లాక్కున్నది కూడా ఆ చేత్తోనే."

"మరి ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నేను చెబితే ఎవరు నమ్ముతారే?"

నిజమే, ఎవరు నమ్ముతారు? నాన్నా పులి అని ముందే అరిచేసిన మనిషి. జన్మంతా ఎడమచేతి పిల్ల కావాలని కలలు కన్నాడు. తీరా అలాంటి పిల్ల తన ఇంట్లోనే పుడితే, ఆ మాట చెప్పడానికి లోకంలో ఒక్క తనకే అర్హత లేదు. నవ్వాలో ఏడవాలో తెలియక అతని మంచం మీదే కూలబడ్డాను.

"నువ్వు చెప్పు," అన్నాడు. "నేను ఆ చుట్టుపక్కల ఉన్నా అది నమ్మదు. కానీ త్వరగా చెప్పు. మాన్పించేస్తానంటోంది."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఇంకెప్పుడైనా అయితే తప్పించుకునేదాన్ని. ఈసారి కందకూ ఉంది, కత్తిపీటకూ ఉంది.

సెలవు రోజు పొద్దున గోడ దగ్గరికి వెళ్లాం. మా మేనకోడలు బంతుల బుట్ట దించింది. అన్నయ్య దూరంగా కంచె దగ్గర కుర్చీ వేసుకున్నాడు, తల్లి కళ్ల ఎదుటే ఉండాలని. పిడుగు కుడిచేతిలో రాకెట్, ఎడమచేతిలో కొత్త టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి. బొమ్మ ఆట చూస్తానంటోందని పిల్లే తెచ్చుకుందేమో అనుకున్నాను. పోయిన వారం కూడా అది ఆ చేతిలోనే ఉన్నట్టు గుర్తొచ్చింది. బంతి వచ్చింది, అంచుకు తగిలింది, రేకు చప్పుడు. బొమ్మ జారబోతే పిల్ల గుండెలకు అదుముకుంది. రాకెట్ వంక కాదు, బొమ్మ వంక చూస్తోంది.

నేను లేచి వెళ్లాను.

"ఈ బొమ్మ దీని చేతిలో ఎందుకే?"

"ఆ చెయ్యి ఊరికే అడ్డొస్తోందత్తా. బొమ్మ ఇస్తే కుదురుగా ఉంటోంది."

"కింద పడితే?"

"పడితే ఏముంది, నేనేమైనా తిడతానా? పాపం ఎలుగు..." అంటూ ఆగిపోయింది.

ఆమె చేతిలో ఉన్న బంతి జారి కింద పడింది. నేను తీసి ఇవ్వలేదు.

"నీకు గుడ్డు, దీనికి ఎలుగుబంటి," అన్నాను. "తాడిని తన్నేవాడు మీ నాన్నయితే, వాడి తల తన్నేదానివి నువ్వు. ఆయన గుడ్డు పెట్టానని తెలిసి పెట్టాడు. నువ్వు తెలియక పెట్టావు. దీనిది ఎడమచేతి వాటమేనే. ఎవరూ నేర్పలేదు. నా కత్తెర పట్టుకుంటే చూశాను, నీ చెప్పుల చప్పుడు వినగానే చెయ్యి మార్చేసింది."

ఆమె నా వంక చూడలేదు. కంచె దగ్గరున్న తండ్రి వంక చూసింది. అనుకున్నంతా అయింది. విసవిసా అక్కడికి నడిచింది, నేను వెనకాలే వెళ్లాను.

"ఇది నువ్వు చెప్పించిన మాటేనా నాన్నా?"

అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. లేవడానికి ఈమధ్య అతనికి కాస్త సమయం పడుతుంది.

"కాదమ్మా. కానీ నిజమే." కుర్చీ వీపు పట్టుకున్నాడు. "నీ చేతిలో గుడ్డు పెట్టినప్పుడు నేను నీ చెయ్యి చూడలేదు. ఆ క్యాషియరు చెయ్యి చూశాను. అది నా తప్పే. ఇప్పుడు నువ్వు నా చెయ్యి చూస్తున్నావు. నన్ను వదిలేసి దాని చెయ్యి చూడు."

అన్నయ్య తప్పయిందని అనడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మా మేనకోడలూ విని ఉండదు. ఆమె కుడిచెయ్యి తనకు తెలియకుండానే కొంచెం ముడుచుకుని ఉంది, దాంట్లో ఏదో ఉన్నట్టు.

తర్వాత గోడ దగ్గరికి తిరిగి వచ్చింది. పిడుగు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. బొమ్మ తీసుకుని నాకిచ్చింది. రాకెట్ తీసుకుని, పిడి పిల్ల వైపుకు ఉండేలా నేల మీద పెట్టింది.

"తీసుకో తల్లీ. నీకు ఏ చెయ్యి ఇష్టమైతే ఆ చేత్తో."

పిడుగు వంగింది. ఎడమచెయ్యి కొంచెం ముందుకు వచ్చి ఆగింది. కుడిచెయ్యి వచ్చింది, అదీ ఆగింది. తలెత్తి తల్లి మొహం చూసింది. కంచె దగ్గరున్న తాతయ్య మొహం చూసింది. మళ్లీ తల్లి మొహం చూసింది.

"ఏ చేత్తో తీసుకుంటే నీకు కోపం రాదమ్మా?" అని అడిగింది.

మా మేనకోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజం పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. నాకూ కళ్లు నిండాయి, ఏం చెయ్యాలో తోచక బొమ్మ టోపీ సరిచేస్తూ నిలబడ్డాను. పిల్ల భయపడి వెనక్కి జరిగింది. అది చూసి తల్లి గబగబా మొహం తుడుచుకుని లేచింది.

"కోపం ఏ చేతికీ రాదు. మేము చూడం, నువ్వే ఆడుకో," అని చెప్పి బంతుల బుట్ట పిల్ల దగ్గరికి జరిపింది. మాతో, "అందరూ అటు తిరగండి," అంది, జట్టు పిల్లలతో మాట్లాడే కోచ్ గొంతుతో.

ముగ్గురం కంచె దగ్గర చేరి అటు తిరిగి నిలబడ్డాం. అవతల రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ పోతున్న పెద్దమనిషి మమ్మల్ని వింతగా చూశాడు. వెనక చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత బుట్టలో బంతి కోసం వెతుకుతున్న చప్పుడు. ఒక బంతి దొర్లిపోయింది. ఇంకొకటి రేకు చప్పుడు చేసింది. అన్నయ్య మెడ మెల్లగా వెనక్కి తిరుగుతోంది. చెవి పట్టుకుని మళ్లీ కంచె వైపు తిప్పాను, చిన్నప్పుడు మా అమ్మ తిప్పినట్టు. బుద్ధిగా తిరిగి నిలబడ్డాడు.

అప్పుడొక చప్పుడు వినబడింది. గోడకు తగిలి బంతి తిరిగి రావడం, మళ్లీ అదే చప్పుడు. రేకు చప్పుడు కాదు. నాకు అంతవరకే తెలుసు. పక్కకు చూస్తే మా మేనకోడలు కళ్లు మూసుకుని ఉంది, పూర్వం ఊరి చివరి కోర్టుల పక్కన బల్ల మీద కూర్చున్నట్టే.

"నడిమధ్యలో తగిలింది నాన్నా," అంది, వెనక్కి తిరగకుండానే.